డిమాండ్ల పత్రంలో మా పేట ఎక్కడుంది?

కథనీ కవితనీ కులం దృష్టితో చదవడం మనం నేర్చుకున్నాం. ఎవరు రాశారు, ఎవరి గురించి రాశారు, ఎవర్ని వదిలేశారు అని అడగడం నేర్చుకున్నాం. అయితే కథలకన్నా ఎక్కువగా మన బతుకుల్ని నడిపించే రాతలు వేరే ఉన్నాయి. వాటిని ఎవరూ సాహిత్యం అనరు గనక విమర్శకులు వాటి జోలికి పోరు. ఉపాధ్యాయ సంఘాల డిమాండ్ల పత్రం అలాంటి రాత. ఈ ఏడాది ప్రభుత్వాన్ని ఏం అడగాలి, ఏది ముందు అడగాలి, దేనికోసం రోడ్డెక్కాలి, దేన్ని ఒక తీర్మానంతో సరిపెట్టాలి అన్నది అందులో ఉంటుంది. దాని వరస క్రమం మీదే ఈ వ్యాసం. ఏదో ఒక్క సంఘం మీద రాస్తున్నది కాదు. జెండాలు వేరైనా పత్రం తయారయ్యే దారి దాదాపు ఒకటే. ఆ దారిని గురించే నా పేచీ.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. ఇక్కడ ప్రతి ఊరికీ చేరిన చదువుకున్న ఉద్యోగి ఎవరంటే మాస్టరే. ఆయన వెనక సంఘం ఉంది. కలెక్టరాఫీసు ముందు ధర్నా చేస్తే వినే నాథుడు ఉన్నాడు. మా పేట మనిషి ఒంటరిగా వెళ్తే అటెండరు దగ్గరే ఆగిపోతాడు. అంత బలమున్న సంఘం దేన్ని 'సమస్య' అంటుందో అదే ఆ ఏడాదికి విద్యారంగ సమస్య అవుతుంది. అది అనని సంగతి సమస్యల లెక్కలోకే రాదు.

ముందే ఒకమాట చెప్పాలి. నేను సంఘాలకు శత్రువును కాను. మా అయ్య కంబారి. మా వంశంలో విశ్వవిద్యాలయం గడప తొక్కినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. నన్ను అక్కడిదాకా తోసింది ఒక సంఘం మాస్టరు. యాజమాన్యాల దయమీద బతికిన టీచర్లు తలెత్తుకుని ఒకటో తారీఖు జీతం తీసుకునే స్థితికి రావడం వెనక దశాబ్దాల పోరాటం ఉంది. జీతాల గురించి మాట్లాడే సంఘాన్ని 'జీతాల సంఘం' అని ఎగతాళి చేసేవాళ్ళు ఎక్కువమంది జీతం అవసరంలేని ఇళ్ళనుంచే వస్తారు. భూమిలేని కులానికి జీతమే భూమి. 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్ళకు పాత పెన్షన్ పోయి సీపీఎస్ వచ్చింది. ముందు తరంలో ఉద్యోగాలున్న ఇంట్లో తాతకో తండ్రికో పెన్షన్ వచ్చింది, పొలమూ మిగిలింది. మా ఇళ్ళలో మొదటి ఉద్యోగం వచ్చేసరికి పెన్షన్ పోయింది. కాబట్టి సీపీఎస్ రద్దు కూడా దళిత సమస్యే. కానీ ఏ డిమాండ్ల పత్రమైనా ఆ మాట అలా రాస్తుందా? 'ఉపాధ్యాయులందరికీ' అని రాస్తుంది. ఆ 'అందరికీ'లో మా నష్టం లోతు కనబడకుండా పోతుంది.

కొన్నేళ్ళ కిందట ఒక జిల్లా కౌన్సిల్ సమావేశానికి వెళ్ళాను. పాత మాస్టరు రమ్మంటే వెనక వరస కుర్చీలో కూర్చున్నాను. జెండా ఎగరేశారు, అమరులకు జోహార్లు చెప్పారు, కార్యదర్శి నివేదిక చదివారు. మండలాలవారీగా చర్చ మొదలైంది. బదిలీలు, డీఏ బకాయిలు, పదోన్నతుల సీనియారిటీ జాబితాలో తప్పులు. అన్నీ నిజమైన బాధలే. మధ్యాహ్నం భోజనాల తర్వాత కొండ మండలం నుంచి వచ్చిన ఒక ప్రాథమిక బడి టీచరమ్మ లేచారు. "సార్, మా బళ్ళో అందరూ సవర పిల్లలేనండి. నా మాట వాళ్ళకి తెలీదు, వాళ్ళ మాట నాకు రాదు. రెండేళ్ళయింది. ఇది కూడా రాయండి" అన్నారు. వేదిక మీద పెద్దాయన మంచివాడే. మర్యాదగానే జవాబిచ్చారు. "మేడమ్, ఇది సర్వీసు సమస్య కాదు గదండీ. సాధారణ తీర్మానాల్లో పెడదాం." ఆవిడ కూర్చున్నారు. చివరి బస్సు అందుకోవాలని నాలుగింటికే వెళ్ళిపోయారు. తీర్మానాలు ఆరింటికి చదివారు. చప్పట్లతో ఆమోదం పొందాయి. సవర మాట వాటిలో ఎక్కడా రాలేదు.

ఎవరో కుట్ర చేసి దాన్ని తీసేశారని నేను అనడం లేదు. కుట్ర అయితే పట్టుకోవడం సులువు. ఇక్కడ పనిచేసింది జల్లెడ. డిమాండు మండల శాఖలో పుట్టి మంత్రి గదికి చేరేలోపల కనీసం నాలుగు జల్లెళ్ళు దాటాలి.

మొదటిది, సమావేశం ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందన్నది. ఆదివారం, జిల్లా కేంద్రంలో, సాయంత్రందాకా. సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం కొండల్లో పనిచేసేవాళ్ళు, పిల్లల్ని ఇంట్లో వదిలొచ్చిన ఆడవాళ్ళు తీర్మానాల వేళదాకా ఉండరు. చివరిదాకా కూర్చోగలిగినవాడి బాధే పత్రంలో మొదటి వరస అవుతుంది.

రెండోది, మూడు బుట్టల విభజన. సర్వీసు సమస్యలు, విద్యారంగ సమస్యలు, సామాజిక అంశాలు. మొదటి బుట్ట చర్చలకు పోతుంది. రెండోది వినతిపత్రంలోకి పోతుంది. మూడోది సంఘం పత్రికలో వ్యాసమవుతుంది. కులం ఎప్పుడూ మూడో బుట్టలోనే ఎందుకుంటుంది? బడిలో కులం పనిచేయడం లేదా? అది ఊళ్ళో మాత్రమే ఉండి గేటు దగ్గర చెప్పులతోపాటు ఆగిపోతుందా?

మూడోది ఐక్య వేదిక. సంఘాలన్నీ కలిసి పోరాడాలంటే అందరూ ఒప్పుకున్న అంశాలే మిగలాలి. ఒప్పుకోనిది 'ఐక్యతకు భంగం' అవుతుంది. మన అంశాలు ఎక్కువగా రాలిపోయేది ఇక్కడే.

నాలుగోది చర్చల గది. జీవోతో తేలేవి, అంకెల్లో చెప్పగలిగేవి నిలుస్తాయి. మిగతావి 'పరిశీలిస్తాం' అవుతాయి. ఈ జల్లెడ ఎంత బాధపెడుతుందో ఉపాధ్యాయ సంఘాలకు బాగా తెలుసు. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ కోసం 'చలో విజయవాడ' జరిగింది. ఆంక్షల్ని దాటుకుని వేలమంది వెళ్ళారు. రెండ్రోజుల్లోనే మంత్రుల కమిటీతో ఒప్పందం కుదిరింది. ఫిట్‌మెంట్ 23 శాతం దగ్గరే ఆగింది. మమ్మల్ని పట్టించుకోకుండా సంతకాలు పెట్టారని ఉపాధ్యాయ సంఘాలు మండిపడ్డాయి. న్యాయమైన కోపమే. రోడ్డు మీద మనం ఉంటాం, గదిలో మన మాట ఉండదు. సార్లూ, ఆ అనుభవం మీకు 2022లో అయింది. మాకు ప్రతి కౌన్సిల్లోనూ అవుతోంది.

ఇది కొత్త తగాదా కాదు. 1928లో బొంబాయి బట్టల మిల్లుల సమ్మె నాటిదే. మిల్లుల్లో నేత విభాగంలోకి అంటరానివాళ్ళని రానిచ్చేవారు కాదు. దారం తెగితే నోటితో తడిపి అతకాలి, ఆ ఎంగిలి అంటు అన్నది సాటి కార్మికుల అభ్యంతరం. జీతం ఎక్కువొచ్చేది ఆ విభాగంలోనే. అంబేద్కర్ సమ్మె నాయకుల్ని అడిగింది ఒక్కటే: మా వాళ్ళకు అన్ని విభాగాల్లో పనిచేసే హక్కుని మీ డిమాండ్లలో చేర్చండి, లేకపోతే మావాళ్ళని సమ్మెలోకి రావద్దని చెబుతాను. నాయకులు అయిష్టంగానే చేర్చారు. తీరా యజమానుల ముందు పెడితే, ఈ అన్యాయం చేసింది మేం కాదుగదా అన్నారు వాళ్ళు. కార్మికుల్ని కార్మికులే ఆపుతున్న చోట యజమానిని అడిగేదేముంది? పదేళ్ళ తర్వాత, 1938లో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో మాట్లాడుతూ ఆయన, కార్మికులకు పెట్టుబడిదారీతనం ఒక్కటే శత్రువు కాదనీ బ్రాహ్మణవాదం రెండో శత్రువనీ చెప్పారు. డిమాండ్ల పత్రానికి రెండు ముఖాలు ఉండాలన్నది ఇందులో నాకు దొరికిన పాఠం. ఒకటి ప్రభుత్వం వైపు, ఇంకోటి మనవైపు. మన సంఘాల పత్రాలకు రెండో ముఖం లేదు.

రెండో ముఖం లేకపోతే ఏమవుతుందో ఒక బడి సంగతి చెబుతాను. ఊరి పేరు రాయను. మావాళ్ళు ఇంకా అక్కడే బతకాలి. మధ్యాహ్న భోజనం వండేవాళ్ళ నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. మా పిన్ని వరసావిడకి ఆ పని వచ్చింది. వారంలోపల సగంమంది పిల్లలు ఇంటినుంచి డబ్బా తెచ్చుకోవడం మొదలెట్టారు. హెడ్మాస్టరు గట్టి సంఘ కార్యకర్త, ఏ సమ్మెకైనా ముందుండే మనిషి. ఆయన గొడవ కాకుండా సర్దేశారు. వంట ఇంకో ఆవిడకిచ్చి, మా పిన్నిని గిన్నెలు తోమడానికీ ఊడవడానికీ పెట్టారు. డబ్బాలు మాయమయ్యాయి. ఆవిణ్ణి అడిగితే, "అయ్యోరు మంచోరే బాబూ. తోమమన్నారు, తోముతున్నాను. ఇదేటి మనకి కొత్తా?" అంది. ఆ మాస్టర్ని అడిగితే "అది ఊరి గొడవ, మన పరిధిలోది కాదు" అన్నారు. వందేళ్ళ కిందట మిల్లులో నేత విభాగం, ఇప్పుడు బళ్ళో వంటగది. మధ్యాహ్న భోజనం నిర్వహణ భారం టీచర్లమీద తగ్గించాలన్న డిమాండు సంఘాల నోట చాలాసార్లు విన్నాను. ఆ గిన్నె ఎవరి చేతిలో ఉండాలన్న మాట డిమాండుగా నేను వినలేదు. మీరు విని ఉంటే, దాని నంబరెంతో, దానిమీద ఏం జరిగిందో రాయండి. సంతోషంగా ఒప్పుకుంటాను.

పిల్లల గురించి సంఘాలు అసలు మాట్లాడవని అనడం అబద్ధమవుతుంది. 2022 జూన్‌లో జీవో 117 వచ్చింది. 3, 4, 5 తరగతుల్ని దగ్గరి హైస్కూళ్ళకు తరలించే ఏర్పాటు అది. పేట బళ్ళలో ఒకటి, రెండు తరగతులూ ఒక్క టీచరూ మిగిలారు. సంఘాలు దానిమీద గట్టిగా పోరాడాయి. చివరికి 2025 మేలో ప్రభుత్వం దాన్ని పక్కనబెట్టి కొత్త ఉత్తర్వులిచ్చింది. మా పిల్లలకూ మేలే. అయితే ఈ పోరాటం ఎందుకంత గట్టిగా సాగిందో గమనించాలి. బడి పోతే పోస్టు పోతుంది. పిల్లల ప్రయోజనం, పోస్టు ప్రయోజనం ఒకే వైపు నిలిచాయి. అలా నిలిచినచోట సంఘం కదులుతుంది. నిలవనిచోట ఏంచేస్తుందన్నదే అసలు పరీక్ష.

జీవో 3 అలాంటి పరీక్ష. షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్ళలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో వచ్చిన ఉత్తర్వు అది. బళ్ళకు టీచర్లు రాకపోవడం, వచ్చినా ఉండకపోవడం చూసి చేసిన ఏర్పాటు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చినప్పుడు ఏజెన్సీ పోస్టుల్ని విడిగా భర్తీ చెయ్యాలని ఆదివాసీ సంఘాలు ఆందోళన చేశాయి. ఇక్కడ సభ్యుల ప్రయోజనాలే రెండుగా చీలతాయి. మైదానం నుంచి ఆ పోస్టు కోరుకునే నిరుద్యోగి రేపటి సభ్యుడు. సవర, జాతాపు యువకుడూ రేపటి సభ్యుడే. కాబట్టి సానుభూతి తీర్మానం రాయడం సులువు, సమ్మె నోటీసు మొదటి పేజీలో పెట్టడం కష్టం. ఆ టీచరమ్మ లేచి చెప్పింది ఈ సంగతే. 'నాకు సవర రాదు' అనడంలో, సవర వచ్చినవాళ్ళు ఇక్కడ టీచర్లు కావాలి అన్న డిమాండు ఉంది. దాన్ని ఆవిడ ఫిర్యాదుగా విన్నారు, విధానంగా వినలేదు.

ఈ నేలకి ఆ సంప్రదాయం లేదా అంటే, ఉంది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడి మాస్టరు. సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలో పుస్తకాలు రాసి, బళ్ళు పెట్టినవాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకున్నాం. ఆయన పనిలో సగాన్ని పండగ చేసి, సవర సగాన్ని ఫుట్‌నోటు చేశాం. ఇదీ ప్రాధాన్యాల నిర్ణయమే. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం కూడా మాస్టర్లే. వాళ్ళు పట్టిన దారిమీద ఎవరి అభిప్రాయం వారిది. వాళ్ళు మొదటి అంశంగా పెట్టుకున్నది మాత్రం తమ జీతం కాదు, గిరిజనుడి భూమి, కూలి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు గిరిజన సంఘం మహాసభకు నడిచి వెళ్తున్న కోరన్న, మంగన్నలను లేవిడి దగ్గర భూస్వాముల తుపాకులు చంపాయి. మహాసభకు వెళ్ళడం అంటే ప్రాణం ఒడ్డడం అయిన జిల్లా ఇది. ఇక్కడి మహాసభల్లో ఒక గిరిజన పిల్లవాడి భాషకు అయిదు నిమిషాలు దొరకదా?

లక్ష్మీపేట సంగతీ అడగాలి. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో, మడ్డువలస రిజర్వాయరు భూముల తగాదాలో, అయిదుగురు దళితుల్ని చంపేశారు. మన రాష్ట్రంలో వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచేది దాదాపు ఆ తేదీల్లోనే. చంపినవాళ్ళ పిల్లలూ, చచ్చిపోయినవాళ్ళ పిల్లలూ కూర్చోవలసిన బడుల గురించి ఆ ఏడాది మన ప్రాధాన్యాల జాబితా ఏం చెప్పింది? వ్యక్తులుగా ఎందరో టీచర్లు ఏడ్చారు, చందాలిచ్చారు, అదంతా నిజం. నేనడిగేది పత్రం సంగతి. మీ మండల శాఖ ఆ సంవత్సరపు మినిట్స్ పుస్తకం తీసి చూడండి. ఉంటే మాకు చూపించండి. లేకపోతే ఎందుకు లేదో మీరే ఆలోచించండి.

ఇంకో జల్లెడ రాజ్యాంగంలోనే ఉంది. శాసనమండలిలో ఉపాధ్యాయ స్థానాలున్నాయి. మన శ్రీకాకుళం-విజయనగరం-విశాఖ స్థానానికి 2025 ఫిబ్రవరిలో ఎన్నిక జరిగింది. 171వ అధికరణం ప్రకారం అందులో ఓటు సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో పనిచేసే టీచర్లకే. పేటలో, గూడెంలో పనిచేసే ప్రాథమిక బడి మాస్టరుకి ఓటు లేదు. చట్టసభలో సంఘాల గొంతు హైస్కూలు స్టాఫ్ రూముల నుంచి ఎన్నికవుతుంది. మా పిల్లలు హైస్కూలు చేరకముందే బడి మానేసే చోట, ఆ పిల్లల్ని చూసిన టీచరుకు ఓటు లేకపోవడం చిన్న సంగతా? ఈ ఓటు కోసం ఒక పూర్తి సంవత్సరపు ఉద్యమం ఎందుకు ఉండకూడదు?

మనల్ని మనం కూడా వదలకూడదు. పెద్ద సంఘాల్లో చోటులేకనే ఎస్సీ, ఎస్టీ ఉపాధ్యాయ సంఘాలు వేరుగా పుట్టాయి. రోస్టరు, పదోన్నతుల్లో రిజర్వేషను, బ్యాక్‌లాగ్ మీద అవి చేసిన పని విలువైంది. అయితే వాటి పత్రాల్లో కూడా సర్వీసు బుట్టే నిండుగా ఉంది. వంటగదిలో పిన్ని అక్కడా లేదు. మాల, మాదిగ ప్రతినిధుల మధ్య విజయనగరం రెల్లి వీధి పిల్లవాడి మాట చెప్పేవాళ్ళెవరు? 2025లో రాష్ట్ర ప్రభుత్వం వర్గీకరణ చేసి రెల్లి ఉపకులాల గ్రూపుకి ఒక శాతం కేటాయించింది. ఆ ఒక శాతంలో టీచరయ్యేందుకు రెల్లి పిల్ల పదో తరగతి దాటాలి కదా! మన జల్లెడకీ కన్నాలున్నాయి.

మరైతే చెయ్యవలసిందేమిటి? నాకు తోచినవి నాలుగు.

ఒకటి. తీర్మానాలు భోజనానికి ముందే చర్చకు రావాలి. ఏజెన్సీ మండలాల, ఆడవాళ్ళ, ప్రాథమిక బళ్ళ ప్రతినిధులకు మొదటి మాట ఇవ్వాలి.

రెండు. ప్రతి జిల్లా కౌన్సిల్ పత్రంలో కనీసం రెండు అంశాలు దళిత, ఆదివాసీ సభ్యుల కమిటీ నిర్ణయించాలి. ఐక్య వేదికలో వాటిని తీసెయ్యాలంటే ఆ కమిటీ ఒప్పుకోవాలి. చర్చల గదిలో వాళ్ళలో ఒకరు ఉండాలి.

మూడు. పత్రంలో రెండో ముఖం ఉండాలి. ప్రభుత్వాన్ని అడిగేవి ఒకవైపు, సభ్యులే తమ బళ్ళలో చేసి చూపించేవి ఇంకోవైపు. వంట, వరసలు, నీళ్ళ కుండ, ఊడ్చే పని ఎవరిచేత చేయిస్తున్నామన్న లెక్క. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. మరుసటి ఏడాది కార్యదర్శి నివేదికలో దాని ఫలితం చదవాలి.

నాలుగు. తల్లిదండ్రుల్ని పిలవాలి. 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, బలహీన వర్గాలకు తగు వాటా ఉండాలనీ చెప్పింది. చట్టం బడిలోకి రానిచ్చిన మనిషిని సంఘం తన సభలో ఒక గంట విననలేదా?

ఇవన్నీ సంఘాన్ని బలహీనపరుస్తాయని కొందరంటారు. నేను అనుకునేది వేరు. పోస్టులు తగ్గించేటప్పుడు, బళ్ళు మూసేటప్పుడు మాస్టరు పక్కన నిలబడాల్సింది పేట జనమే. బాగున్నవాళ్ళ పిల్లలు ఎప్పుడో ప్రైవేటు బడి బస్సెక్కేశారు. ప్రభుత్వ బడిలో మిగిలింది మేమే. మా సంగతి మూడో బుట్టలో వేసి, మీ పోరాటానికి మమ్మల్ని రమ్మంటే ఎంతకాలం వస్తాం?

ఆ జిల్లా కౌన్సిల్ నుంచి రాత్రి ఇంటికి చేరాక మా అమ్మ అన్నం పెడుతూ అడిగింది: "మేస్టర్ల మీటింగన్నావు గదా, మన గుంటల సంగతి ఏటైనా మాటాడినారేటి?" నేను జవాబు చెప్పలేకపోయాను. ఈసారి కౌన్సిల్‌కి వెళ్ళే మిత్రులు ఆ ప్రశ్న పట్టుకెళ్ళండి. తీర్మానాలు చదవకముందే లేచి అడగండి.